షాతో గయార్ కోట: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫ్రాన్స్ వెళ్లే మనవాళ్లు ఐఫిల్ టవర్ ఎక్కుతారు, వెర్సాయ్ చూస్తారు, టైం ఉంటే డిస్నీలాండ్ కూడా చుట్టేస్తారు. పారిస్ నుంచి వంద కిలోమీటర్ల దూరంలో, సీన్ నది ఒడ్డున, తెల్లటి సుద్దరాయి కొండ మీద పైకప్పుల్లేని కోట ఒకటుంది. అటు వెళ్లేవాళ్లు తక్కువ. ఈ కోట గురించి మాటొస్తే చాలామంది మొదట అడిగేది "మరుగుదొడ్డిలోంచి దూరి గెలిచారంట, నిజమేనా?" అని. సమాధానం కిందుంది. అక్కడికి చేరేలోపు ఇంకో కథ ఉంది, నా లెక్కలో అసలు కథ అదే.

కోట ఎక్కడుంది? పేరు ఎలా పలకాలి?

నార్మండీ ప్రాంతంలో, లెజ్ ఆందెలీ అనే చిన్న ఊరి పైన. రూవాన్ నగరం నుంచి సుమారు 40 కిలోమీటర్లు. పేరు "షాతో గయార్" అంటే చాలు, చివర "డ్" పలకరు. షాతో అంటే కోట. గయార్ అంటే దిట్టమైనవాడు, జంకు లేనివాడు అని. మన మాటల్లో "మొండి కోట" అనుకోవచ్చు. కట్టిన కాలంలో దీన్ని ఎక్కువగా "ఆందెలీ బండ" అనేవారు.

కట్టించింది ఇంగ్లండ్ రాజు కదా, ఫ్రాన్స్‌లో ఆయనకి కోటేంటి?

ఇప్పటి మ్యాపు పెట్టుకుని చూస్తే ఇది అర్థం కాదు. 1066లో ఇంగ్లండ్‌ని గెలిచిన విలియం అసలు నార్మండీ డ్యూకు. అప్పటినుంచి, మధ్యలో కొన్నాళ్లు తప్ప, ఇంగ్లండ్ రాజే నార్మండీకి డ్యూకు కూడా. అంటే ఇంగ్లండ్‌లో సొంతంగా రాజు, నార్మండీ విషయంలో మాత్రం ఫ్రాన్స్ రాజుకి సామంతుడు. ఈ రెండు టోపీలూ ఒకే తల మీద ఉండటమే గొడవంతటికీ మూలం.

కట్టించిన రిచర్డ్, "సింహ హృదయుడు" అని పేరున్నవాడు, పదేళ్ల పాలనలో ఇంగ్లండ్‌లో గడిపింది ఆరు నెలలే. మాట్లాడింది ఫ్రెంచి. సమాధి ఉన్నది ఫ్రాన్స్‌లోని ఫోంతెవ్రోలో, గుండె పాతిపెట్టింది రూవాన్‌లో. ఇంగ్లండ్ వాళ్లు మా రాజు అంటే అనుకోనివ్వండి!

సరిగ్గా ఆ కొండనే ఎందుకు ఎంచుకున్నాడు?

రిచర్డ్, ఫ్రాన్స్ రాజు రెండవ ఫిలిప్ ఒకప్పుడు స్నేహితులు. జెరూసలేం కోసం క్రైస్తవ రాజులు చేసిన మూడవ క్రూసేడ్ యుద్ధానికి కలిసే బయల్దేరారు. అక్కడ చెడింది. ఫిలిప్ ముందే ఇంటికొచ్చేశాడు. రిచర్డ్ తిరిగొస్తుంటే 1192 డిసెంబరులో వియన్నా దగ్గర ఆస్ట్రియా డ్యూకుకి దొరికిపోయాడు. ఆ డ్యూకు ఆయన్ని జర్మనీ చక్రవర్తికి అప్పగించాడు. విడిపించడానికి ఒప్పుకున్న సొమ్ము 1,50,000 మార్కుల వెండి. 1194 ఫిబ్రవరిలో బయటపడేసరికి, నార్మండీకి గుమ్మం లాంటి జిజోర్ కోట ఫిలిప్ చేతిలో ఉంది.

గుమ్మం పోయాక లోపలి గది తలుపైనా గట్టిగా బిగించాలి కదా. రూవాన్ నార్మండీకి రాజధాని. ఫిలిప్ దేశం నుంచి రూవాన్‌కి పడవల్లో పోయే దారి సీన్ నది. ఆందెలీ దగ్గర ఆ నది పెద్ద వంపు తిరుగుతుంది. ఆ వంపు మీద, నదికి దాదాపు వంద మీటర్ల ఎత్తున ఈ కొండ నిలబడి ఉంటుంది. పైనుంచి చూస్తే కిందికొచ్చే పడవ, ఒడ్డు వెంట నడిచే దండు ఏదీ కనపడకుండా పోదు.

రిచర్డ్ కట్టింది కొండ మీది కోట ఒక్కటే కాదు. నది మధ్య లంకలో ఒక చిన్న కోట, దానికి వంతెనలు, ఒడ్డున ప్రహరీతో సహా కొత్త ఊరు, పడవలు దాటకుండా నదికి అడ్డంగా మూడు వరసల గుంజలు. ఆ కొత్త ఊరే ఇప్పటి పెతిత్ ఆందెలీ. పర్యాటకులు కోట ఒక్కటే చూసి వస్తారు గానీ, అప్పట్లో ఇదంతా కలిపి ఒకే తాళం.

ఆ స్థలం రాజుగారిదేనా?

కాదు. అక్కడే వచ్చింది తంటా. ఆందెలీ రూవాన్ ఆర్చిబిషప్ వాల్టర్‌ది, నది మీద వచ్చే సుంకాల వల్ల మంచి ఆదాయమున్న భూమి. పైగా 1196 జనవరిలో ఫిలిప్‌తో చేసుకున్న ఒప్పందంలోనే ఆందెలీలో ఎవరూ కోట కట్టకూడదని రాసుకున్నారు. అదే ఏడాది రిచర్డ్ పని మొదలుపెట్టాడు.

అమ్మమని అడిగితే ఆర్చిబిషప్ ఒప్పుకోలేదు. రాజు పునాదులు తవ్వించేశాడు. ఆర్చిబిషప్‌కి కోపమొచ్చి నార్మండీ అంతటా చర్చి కార్యక్రమాలు నిలిపేశాడు. పెళ్లిళ్లు, అంత్యక్రియలు అన్నీ బంద్. పూడ్చడానికి దిక్కులేక శవాలు వీధుల్లో పడి ఉన్నాయని ఆ కాలపు చరిత్రకారుడు రాశాడు. తగవు రోములో పోప్ దాకా వెళ్లింది. చివరికి 1197లో రాజీ కుదిరింది. ఆందెలీ రాజుకి వచ్చింది, బదులుగా ఆర్చిబిషప్‌కి దియెప్ రేవు, ఇంకొన్ని ఊళ్లు దక్కాయి. బేరం చూస్తే ఆర్చిబిషప్ ఏమీ నష్టపోలేదు!

ఎంత ఖర్చయింది? ఎన్నాళ్లు పట్టింది?

రెండేళ్లు, 1196 నుంచి 1198 వరకు. మామూలుగా ఇలాంటి కోటకి పదేళ్లు పడుతుంది. ఖర్చు సుమారు 12,000 పౌండ్లు. అంకె చూసి చిన్నదే అనుకోకండి. తన పాలన మొత్తంలో ఇంగ్లండ్‌లోని కోటలన్నిటికీ కలిపి రిచర్డ్ పెట్టింది సుమారు 7,000 పౌండ్లు.

జమాఖర్చుల్లో రాళ్లు పగలగొట్టేవాళ్లు, చెక్కేవాళ్లు, వడ్రంగులు, కమ్మర్లు, సున్నం కాల్చేవాళ్లు, బళ్లవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు అందరి కూలీ ఉంది. మేస్త్రీల పెద్ద పేరు మాత్రం ఎక్కడా లేదు. అందుకే నమూనా రాజే దగ్గరుండి చెప్పి ఉంటాడని చరిత్రకారులు అంటారు. "ఏడాది నిండిన నా బిడ్డ ఎంత అందంగా ఉందో చూడండి" అని రిచర్డ్ మురిసిపోయాడని ఓ కథ ఉంది. కథే.

నెత్తుటి వాన కురిసిందట?

1198 మే నెలలో రాజు పనులు చూస్తుండగా నెత్తురు కలిసిన వాన పడిందని న్యూబర్గ్ విలియం అనే ఇంగ్లండ్ చరిత్రకారుడు రాశాడు. పక్కనున్నవాళ్లు అపశకునమని టెన్షన్ పడ్డారు. రిచర్డ్ మాత్రం, దేవదూత దిగొచ్చి వద్దన్నా పని ఆపనని తేల్చేశాడట. ఎర్ర దుమ్ము కలిసిన వాన యూరప్‌లో అప్పుడప్పుడూ పడుతూనే ఉంటుంది, అలాంటిదే అయ్యుండొచ్చని నా ఊహ.

కట్టడంలో అంత గొప్పేముంది?

కోటకి వెళ్లే మెట్టదారి ఒకటే, ఆగ్నేయం వైపు నుంచి. మిగతా వైపులన్నీ నిట్టనిలువు వాలు. అందుకని ఆ ఒక్క వైపే మూడు అంచెలు పెట్టాడు. మొదట కోట నుంచి విడిగా, మొన తేలి ముందుకొచ్చిన బయటి కోట. తర్వాత లోతైన కందకం. దాని వెనక నడిమి కోట. అందులో లోపలి కోట, దానికి మళ్లీ కందకం. అన్నిటికన్నా లోపల పెద్ద బురుజు. ఒక అంచె పోయినా శత్రువు మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాల్సిందే.

నాకు అన్నిటికన్నా నచ్చేది లోపలి కోటగోడ. అది చదునుగా ఉండదు. పెద్ద పెద్ద స్తంభాలు సగానికి కోసి పక్కపక్కన పేర్చినట్టు, మొత్తం ఉబ్బెత్తు వంపులే. చదును గోడకి రాతిగుండు నిటారుగా తగులుతుంది. వంపుకి తగిలితే జారి పక్కకు పోతుంది. పైగా గోడ మొదట్లో దాక్కునే చాటు తక్కువ. పెద్ద బురుజు కూడా శత్రువు వచ్చే వైపు పడవ ముక్కులా కోసుగా ఉంటుంది. దాని పైభాగాన గోడ ముందుకు పొడుచుకొచ్చి, కిందున్నవాళ్ల నెత్తిన రాళ్లు జారవిడిచే కంతలుండేవి. రాతితో అలా కట్టినవాటిలో యూరప్‌లో మొదటివాటిలో ఇదొకటి.

"ఇనుము, వెన్న" మాట ఎవరిది?

గోడలు ఇనుముతో కట్టినా పట్టుకుంటానని ఫిలిప్ అన్నాడట. వెన్నతో కట్టినా నిలబెడతానని రిచర్డ్ అన్నాడట. వేల్స్ జెరాల్డ్ రాసిన మాట ఇది. ఆయన ఊరించి చెప్పడంలో దిట్ట, కాబట్టి కొంత తగ్గించి వినాలి.

మరి రిచర్డ్ నిలబెట్టాడా?

ఆ పరీక్షే రాలేదు. 1199లో షాలూ అనే చిన్న కోటని ముట్టడిస్తుంటే భుజంలో బాణం దిగింది, గాయం కుళ్లింది, ఏప్రిల్ 6న పోయాడు. ఇంత కోట కట్టినవాడు ఓ అనామక కోట ముందు పోయాడు. నార్మండీ తమ్ముడు జాన్ చేతికొచ్చింది.

ముట్టడి ఎలా మొదలైంది?

1203 ఆగస్టు చివరలో ఫిలిప్ వచ్చాడు. ముందు నదిని పట్టాడు. గుంజల వరసలు పీకించి, పడవలు కట్టి వంతెన వేశాడు. మంత్ ఊరికి చెందిన గోబేర్ అనే ఈతగాడు, మూతులు బిగించిన కుండల్లో నిప్పు పెట్టుకుని నీళ్లలో ఈదుకుంటూ వెళ్లి, లంక కోట చుట్టూ ఉన్న కొయ్యకంచె అంటించాడు. లంక ఫిలిప్ వశమైంది.

దానికి ముందే జాన్ ఓ ప్రయత్నం చేశాడు. విలియం మార్షల్ అనే సేనాని నడిపే సైన్యం ఒడ్డు వెంట రావాలి, తిండి సరుకులతో పడవలు నది మీద రావాలి, రాత్రివేళ రెండూ ఒకేసారి మీద పడాలి. కానీ పడవలు ఏటికి ఎదురు రావాలి. ప్రవాహం లెక్క తప్పింది. సైన్యం ముందు వచ్చి ఓడిపోయింది, పడవలు తెల్లారాక వచ్చి దెబ్బతిన్నాయి. డిసెంబరులో జాన్ ఓడెక్కి ఇంగ్లండ్ వెళ్లిపోయాడు.

మధ్యలో చిక్కుకున్న జనం సంగతేంటి?

ఎక్కువమంది అడగని ప్రశ్న ఇది, అందుకే కాస్త వివరంగా చెప్తాను.

ఫిలిప్ సేన వస్తోందని తెలియగానే కొత్త ఊరి జనం పిల్లాపాపలతో కోటలోకి పరిగెత్తారు. వాళ్ల సంఖ్య 1,400కి, 2,200కి మధ్య ఉంటుందని అంచనా. కిల్లేదారు రోజర్ డి లేసీ. అతని దగ్గరున్న గింజలు సైన్యానికి సరిపడా ఉన్నాయి, ఊరందరికీ లేవు. లెక్క వేసుకుని, పోరాడలేనివాళ్లని బయటికి పంపడం మొదలుపెట్టాడు. మొదట ఓ 500 మంది. ఫ్రెంచి సైనికులు జాలిపడి దారిచ్చారు. మళ్లీ అంతమంది. వాళ్లనీ వదిలారు.

ఈ సంగతి ఫిలిప్ చెవిన పడింది. లోపల ఎన్ని నోళ్లుంటే తిండి అంత త్వరగా అయిపోతుంది, ఇక ఒక్కరినీ దాటనివ్వొద్దని హుకుం చేశాడు. మూడో గుంపు బయటికొచ్చేసరికి ఎదురుగా బాణాలు. వెనక్కి తిరిగితే కోట తలుపులు మూసేశారు. వందల మంది ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు రెండు సైన్యాల మధ్య ఆ కొండవాలులోనే ఉండిపోయారు. చలికాలం, నార్మండీ చలి.

ఇదంతా రాసింది ఫిలిప్ వెంట ఉన్న మతగురువు, బ్రెటన్ విలియం. తన రాజుని పొగడటానికి రాసినవాడే ఈ మాటలూ రాశాడు. జనం గడ్డి తిన్నారు. రోజర్ కోటలోంచి కుక్కల్ని తోలేస్తే వాటిని తిన్నారు. ఒకసారి కోట మీంచి కోడి ఒకటి ఎగిరి వచ్చి పడితే ఈకలు, ఎముకలతో సహా మింగేశారు. పుట్టిన బిడ్డని తిన్నారని కూడా రాశాడు. అది చూసి రాశాడో, విని రాశాడో.

ఫిబ్రవరిలో ఫిలిప్ అటువైపు వెళ్తుంటే వాళ్లంతా కేకలు పెట్టారు. చూసి, దారిచ్చి తిండి పెట్టమన్నాడు. అప్పటికే చాలామంది పోయారు. మిగిలినవాళ్లలో ఎంతోమంది ఆకలి మీద ఒక్కసారిగా తిని చనిపోయారు. ఒకతని చేతిలో ఇంకా కుక్క మాంసం ముక్క ఉంది. పారెయ్యమంటే, ఇన్నాళ్లు ప్రాణం నిలిపింది ఇదే, కడుపునిండా రొట్టె పడ్డాక పారేస్తానన్నాడట.

తప్పు ఎవరిదని అడుగుతారు. వెళ్లగొట్టింది రోజర్, ఆపింది ఫిలిప్, కాపాడాల్సిన దొర అయ్యుండి వదిలేసి పోయింది జాన్. నేనైతే ముగ్గురిలో ఎవరినీ తప్పించను.

ఇక చెప్పండి, మరుగుదొడ్డి కథ నిజమేనా?

పూర్తిగా అబద్ధం కాదు, పూర్తిగా నిజమూ కాకపోవచ్చు.

ముందు బయటి కోట పడింది. ఫ్రెంచివాళ్లు కందకంలో నిచ్చెనలు వేస్తే అవి అవతలి గట్టుకి అందలేదు. బాకులతో సుద్దరాయిలో కాలు పట్టేంత గుంటలు తవ్వుకుంటూ ఎక్కారు. బురుజు పునాది కింద సొరంగం తవ్వి, కొయ్య దూలాలు ఆనించి, ఆ దూలాలకి నిప్పు పెట్టారు. దూలాలు కాలాయి, బురుజు కూలింది. సుద్దరాయి కట్టడానికి ఎంత సులువో తవ్వడానికీ అంతే సులువు.

నడిమి కోట దగ్గర ఆగిపోయారు. అక్కడ జాన్ తర్వాత కట్టించిన ఒక భవనం ఉంది, పైన ప్రార్థనా మందిరం, దాన్ని ఆనుకుని మరుగుదొడ్డి. బోజీ అనే మామూలు సైనికుడు అక్కడ కాపలా లేని కిటికీ కనిపెట్టి, తోటివాడి భుజాలెక్కి లోపలికి దూరాడు. తాడు వేసి మిగతావాళ్లని లాగాడు. బ్రెటన్ విలియం ఈ సంగతి రెండు పుస్తకాల్లో రాశాడు, రెండూ అచ్చంగా కలవవు. మరుగుదొడ్డి గొట్టంలోంచి పాకారన్న మాట జనం నోట్లో బాగా నిలిచింది, ఎందుకు నిలిచిందో చెప్పక్కర్లేదు. చాలామంది చరిత్రకారులు కిటికీ వైపే మొగ్గుతారు.

లోపలికెళ్లినవాళ్లు పెద్ద సైన్యం వచ్చినట్టు గోల చేశారు. కోటవాళ్లు కంగారుపడి ఆ భవనానికి నిప్పు పెట్టి లోపలి కోటలోకి తప్పుకున్నారు. పొగలో బతికి బయటపడ్డ బోజీ ముఠా వంతెన దించింది. అన్న రిచర్డ్ కట్టిన కోటకి తమ్ముడు జాన్ పెట్టించిన కిటికీ ఇది.

లోపలి కోట ఎలా పడింది? పెద్ద బురుజులోకి వెళ్లి పోరాడలేదా?

లోపలి కోట ద్వారం ముందు కందకం తవ్వేటప్పుడు, దాటడానికని కొండరాయినే తవ్వకుండా వంతెనలా వదిలేశారు. కొయ్య వంతెనైతే లాగేయొచ్చు, తగలెట్టొచ్చు. రాయిని ఏం చేస్తారు? తవ్వేవాళ్లకి అది గొడుగైంది. దాని చాటున గోడ కింద తవ్వారు, పైనుంచి రాళ్లు విసిరే పెద్ద యంత్రంతో కొట్టారు. గోడ బీటలిచ్చింది. 1204 మార్చి 6న రోజర్ లొంగిపోయాడు. అతనితో మిగిలింది నూట యాభై మందికి అటూ ఇటూ. అంత ఆలోచన పోసి కట్టిన పెద్ద బురుజులో పోరాటమే జరగలేదు.

రోజర్‌ని ఫిలిప్ మర్యాదగానే చూశాడు. విడుదల సొమ్ములో జాన్ 1,000 పౌండ్లు సర్దాడు.

ఆ తర్వాత?

అదే ఏడాది జూన్ 24న రూవాన్ లొంగిపోయింది. నార్మండీ ఫ్రాన్స్‌లో కలిసింది.

ఇక్కడ రాణిని ఖైదు చేశారట?

అవును. 1314లో ఫ్రాన్స్ రాజు నాలుగవ ఫిలిప్ కోడళ్లు మార్గరెట్, బ్లాంష్ ఇద్దరు యువ వీరులతో సంబంధం పెట్టుకున్నారని నేరం మోపారు. ఆ యువకుల్ని చిత్రహింసలు పెట్టి చంపారు. కోడళ్లకి తలలు గొరిగించి ఈ కోటకి పంపారు. ఆ ఏడాది చివర్లో మామ పోయి మార్గరెట్ భర్త రాజయ్యాడు, అంటే ఆవిడ ఖైదులో ఉండగానే రాణి అయింది. 1315లో ఇక్కడే చనిపోయింది. గొంతు పిసికించారని పుకారు. భర్త అదే ఏడాది మళ్లీ పెళ్లి చేసుకున్నాడు, పుకారు పుట్టిందంటే పుట్టదూ!

అతిథులూ ఉన్నారు. స్కాట్లండ్ బాలరాజు రెండవ డేవిడ్ దేశం వదిలి 1334 నుంచి 1341 వరకు ఇక్కడ తలదాచుకున్నాడు.

మళ్లీ యుద్ధాలు చూసిందా?

ఇంగ్లండ్, ఫ్రాన్స్ మధ్య నడిచిన నూరేళ్ల యుద్ధంలో చాలాసార్లు చేతులు మారింది. 1419లో ఇంగ్లీషువాళ్లు ముట్టడించినప్పుడు కోట పడిన కారణం వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. గోడలు బాగానే ఉన్నాయి. బావిలో నీళ్లున్నాయి. చేదతాళ్లు అరిగి తెగిపోయాయి. కొండ మీది బావులు బాగా లోతు. ఆఖరి తాడు కూడా పోయాక లొంగిపోయారు. 1449లో ఫ్రెంచివాళ్ల చేతికి శాశ్వతంగా వచ్చింది.

శిథిలం చేసింది ఫిరంగులా?

కాదు, రాజాజ్ఞ. 1573 నాటికే పాడుబడింది. ఎవరైనా తిరుగుబాటుదారులు బాగుచేసుకుని కూర్చుంటారేమోనని స్థానికుల భయం. 1599లో నాలుగవ హెన్రీ పడగొట్టమన్నాడు. కపూచిన్ సన్యాసులు తమ మఠాలకి ఇక్కడి రాయి తీసుకెళ్లారు. 1611లో కూల్చడం ఆపారు. 1862లో ప్రభుత్వం రక్షిత కట్టడంగా గుర్తించింది.

ఎలా వెళ్లాలి?

ఊళ్లోకి రైలు రాదు. పారిస్ సెంట్ లజార్ స్టేషన్ నుంచి వెర్నోన్ లేదా గయోన్‌లో దిగి, అక్కడినుంచి టాక్సీ పట్టుకోవాలి. వెర్నోన్‌లో దిగితే చిత్రకారుడు మోనే తోటలున్న జివెర్నీ కూడా దగ్గరే, రెండూ ఒకే రోజులో అవుతాయి. కోట బయటి భాగాలు ఎప్పుడైనా తిరగొచ్చు. లోపలి కోటకి టికెట్ ఉంది, చలికాలంలో మూసేస్తారు. తేదీలు లెజ్ ఆందెలీ పర్యాటక కార్యాలయం వెబ్‌సైట్‌లో చూసుకోండి. లండన్ నుంచి వచ్చే మన పిల్లలకి ఒక మాట: ఇండియన్ పాస్‌పోర్టుకి బ్రిటన్ వీసా ఇక్కడ పనికిరాదు, షెన్‌గెన్ వేరే తీసుకోవాలి.

అమ్మానాన్నల్ని తీసుకెళ్లొచ్చా?

ఊళ్లోంచి కాలిబాట నిటారుగా ఉంటుంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లతో వద్దు. కొండ పైదాకా కారు పోతుంది. వాన పడితే సుద్దమట్టి సబ్బులా జారుతుంది, చెప్పులతో వెళ్లకండి. కారు ఆపే చోటు బయటి కోటకి ఎదురుగానే, అంటే ఫిలిప్ సేన వచ్చిన మెట్టదారి వైపు. నదీ, లంకా, పెతిత్ ఆందెలీ పెంకుటిళ్లూ అన్నీ అక్కడినుంచే కనపడతాయి. లోపలికి వెళ్లే ముందు కాసేపు అక్కడ కూర్చోండి. లోపల టికెట్ కొన్నవాళ్లు ద్వారం ముందు కందకంలోకి వంగి చూస్తే, రోజర్‌ని ముంచిన ఆ రాతి వంతెన ఇప్పటికీ ఉంటుంది.